పక్కూరి క్రిస్మస్

బేసింగ్‌స్టోక్‌లో రైలెక్కితే వించెస్టర్ ఇరవై నిమిషాల లోపే. ఇంటికి తాళం వేశామా లేదా అన్న అనుమానం తీరేలోపు దిగాల్సిన స్టేషన్ వచ్చేస్తుంది. మాది 1960ల్లో లండన్‌లో పట్టని జనం కోసం పెంచిన పట్నం. అడుగుకో రౌండెబౌట్ అని ఇంగ్లండ్ అంతా మమ్మల్ని వెక్కిరిస్తుంది. ఉద్యోగాలున్నాయి, బడులున్నాయి, కందిపప్పూ కరివేపాకూ దొరికే కొట్లున్నాయి. అందుకే మాలాంటి తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలానే కుదురుకున్నాయి. లేనిదల్లా పండగ కళ. ఆ లోటు తీర్చేది వించెస్టర్. ఊరి నుంచి అత్తమామలో, అమ్మానాన్నలో వచ్చి ‘ఇక్కడి క్రిస్మస్ ఎలా ఉంటుందో చూపించండర్రా’ అంటే మా కాలనీలో అందరి వేలూ అటే చూపిస్తుంది.

చిన్న ఊరు. కాళ్లు నొప్పి పుట్టకుండా చుట్టేయొచ్చు. రోమన్ల నాటికే ఉంది. తొమ్మిదో శతాబ్దంలో ఆల్ఫ్రెడ్ రాజు వెసెక్స్ రాజ్యాన్ని ఏలినప్పుడు ఇదే అతని ముఖ్య పట్టణం. హైస్ట్రీట్ దిగువన, కత్తిని శిలువలా పైకెత్తి పట్టుకున్న ఆయన కంచు విగ్రహం 1901 నుంచి వచ్చే పోయే బస్సులకు ఎదురుగా నిలబడి ఉంది. అదే వీధిలో పైకి వెళితే బటర్‌క్రాస్ అనే రాతి కట్టడం కనిపిస్తుంది, పదిహేనో శతాబ్దం నాటిది. 1770లో నగరపాలకులు దాన్ని ఓ భూస్వామికి అమ్మేశారు. విప్పుకుపోవడానికి అతని కూలీలు వచ్చేసరికి ఊరి జనం అడ్డం తిరిగి వెనక్కి తరిమేశారు. ఇక్కడివాళ్లు నెమ్మదస్తులే గానీ, రాయి జోలికొస్తే ఊరుకోరు.

వాళ్లకున్న అతి పెద్ద రాయి కేథడ్రల్. 1079లో నార్మన్ బిషప్ వాకెలిన్ మొదలుపెట్టిన చర్చి ఇది. పొడవు 170 మీటర్లు. మధ్యయుగపు కేథడ్రళ్లలో ఇంత పొడవైనది ఇంకోటి లేదు. కానీ బయట నుంచి చూస్తే అంత గొప్పగా ఉండదు, నిజం చెప్పాలి. మధ్యలో మొద్దుగా ఓ గోపురం, అంతే. కిందటిసారి మా మామయ్యగారు దాన్ని చూసి, “ఇదేంటమ్మా, శిఖరం కట్టడం మధ్యలో ఆపేశారా?” అని అడిగారు. మెదక్ చర్చి గంటగోపురాన్ని చూసిన కళ్లు మరి. మొదటి గోపురం 1107లో కూలిపోయింది. అంతకు ఏడేళ్ల ముందు న్యూ ఫారెస్ట్‌లో వేటలో బాణం తగిలి చచ్చిన విలియం రూఫస్ రాజును ఆ గోపురం కిందే పూడ్చారు. పాపాత్ముణ్ణి పెట్టారు కాబట్టే కూలిందని జనం చెప్పుకున్నారు. పాపం సంగతేమో గానీ, నేల మాత్రం మెత్తనిది. ఈ చర్చి కథలో సగం ఆ నేల కథే. దాని దగ్గరకు తర్వాత వస్తాను.

దూరం నుంచి బస్సుల్లో వచ్చేవాళ్లు ముందుగా చూసేది, చాలామంది చూసి వెళ్లిపోయేది క్రిస్మస్ మార్కెట్. 2006లో జర్మనీ పద్ధతిలో మొదలైంది. నవంబర్ మూడో వారానికల్లా చర్చి గోడను ఆనుకుని చెక్క కొట్లు వరసలు కడతాయి. చేత్తో చేసిన కొవ్వొత్తులు, ఊలు టోపీలు, చెట్టుకు వేలాడదీసే గాజు బొమ్మలు, సాసేజ్‌లు కాల్చే పెద్ద పెనం, మిన్స్ పైలు. ఎరుపు వైన్‌లో దాల్చినచెక్క, లవంగాలు, నారింజ తొక్క వేసి మరిగించే మల్డ్ వైన్ దగ్గరకు వెళితే, బిర్యానీ గిన్నె మూత తీసినట్టు మసాలా గుప్పుమంటుంది. ఆ వాసనకు మా అత్తయ్యగారు కూడా రెండడుగులు ముందుకేసి, అందులో ఏముందో తెలిశాక మూడడుగులు వెనక్కి వేశారు.

శనివారం మధ్యాహ్నం వెళ్లారంటే మాత్రం ఏ కొట్లో ఏముందో తెలియదు. ముందువాళ్ల కోటు వీపు చూస్తూ జరుగుతూ ఉండటమే. దగ్గర్లో ఉండటంలో మొదటి లాభం ఇక్కడే. మంగళవారమో బుధవారమో ఆఫీసు కాస్త పెందలాడే ముగించుకుని సాయంత్రం వెళ్లొచ్చు. కొట్టువాడు తీరిగ్గా మాట్లాడతాడు. పిల్లలు తప్పిపోతారన్న బెంగ ఉండదు. ఏదీ కొనకుండా తిరిగి రావచ్చు కూడా; రెండు గంటలు ప్రయాణం చేసి వచ్చినవాళ్లకు ఆ సదుపాయం లేదు పాపం, ఏదో ఒకటి కొనకపోతే వచ్చిన దారి వృథా అనిపిస్తుంది.

చర్చి గుమ్మంలో ఈ బేరాలేమిటని చిరాకు పడేవాళ్లు ఇక్కడా ఉన్నారు. నాకు ఆ వాదన ఎక్కదు. 1096లో, చర్చి పని ఇంకా నడుస్తుండగానే, రూఫస్ రాజు బిషప్ వాకెలిన్‌కు ఊరికి తూర్పునున్న సెయింట్ జైల్స్ కొండ మీద మూడు రోజుల సంత జరుపుకునే హక్కు రాసిచ్చాడు. సుంకాలన్నీ బిషప్‌కే. తర్వాతి రాజులు రోజులు పెంచుకుంటూ పోయారు. సంత జరిగినన్నాళ్లూ ఊళ్లో ఎవరూ వేరే దుకాణం తెరవకూడదు, ఆఖరికి కోట గుమ్మాల తాళంచెవులు కూడా బిషప్ మనుషుల చేతికే. ఉన్నిబేళ్లూ సుగంధద్రవ్యాలూ ఐరోపా నలుమూలల నుంచీ వచ్చి ఆ కొండెక్కాయి. దేవుడూ దుకాణమూ ఇక్కడ మొదటి నుంచీ ఇరుగుపొరుగులే. ఈ సంగతి తెలిశాక సాసేజ్ పొగ చర్చి కిటికీల మీదుగా పోతుంటే నాకేమీ అపచారం అనిపించదు.

అసలు చిక్కు వేరే ఉంది. మార్కెట్ పండక్కి రెండు మూడు రోజుల ముందే ముగుస్తుంది. చర్చి లెక్కలో క్రిస్మస్ అప్పటికింకా మొదలే కాలేదు. డిసెంబర్ అంతా అడ్వెంట్, అంటే ఎదురుచూపుల కాలం. 24 సాయంత్రం మొదలయ్యే పండగ అక్కడి నుంచి పన్నెండు రోజులు సాగుతుంది. దూరాల నుంచి వచ్చేవాళ్లు ఎదురుచూపులు చూసి, వాటినే పండగనుకుని, ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. పండగ మిగిలేది ఊరివాళ్లకూ, మాలాంటి పక్కూరివాళ్లకూ.

డిసెంబర్ మధ్యలో ఇక్కడ సాయంత్రం నాలుగింటికే పొద్దు గుంకుతుంది. మొదటి ఏడాది ఆ చీకటికి దిగులు పుట్టింది గానీ, వించెస్టర్‌ను చూడటానికి అంతకంటే మంచి వేళ లేదు. ఐదున్నర ప్రాంతంలో ఈవెన్‌సాంగ్ ఉంటుంది, సాయంత్రపు పాటల ప్రార్థన. పగలు చర్చి చూడాలంటే టికెట్ కొనాలి, ప్రార్థనకు వచ్చేవాళ్ల దగ్గర పైసా తీసుకోరు. మతమేమిటని అడగరు. బయట మార్కెట్ హోరు, తలుపు నెట్టుకుని లోపలికి అడుగు పెడితే ఆ హోరు ఎక్కడో మిగిలిపోతుంది.

క్వయర్ పక్కనున్న చెక్క పీఠాల్లో మనల్నీ కూర్చోనిస్తారు. 1308 ప్రాంతంలో నార్ఫోక్ నుంచి వచ్చిన విలియం లింగ్‌వుడ్ అనే వడ్రంగి చేసిన ఓక్ పనితనం అది. ఆకుల మధ్య కోతులు, పక్షులు, నాలుక బయటపెట్టిన మొహాలు చెక్కి ఉంటాయి. ఏడు వందల ఏళ్లుగా చేతులు రాసుకుని రాసుకుని అంచులు నున్నబడ్డాయి. మా చిన్నది ప్రార్థన జరిగినంతసేపూ ఓ చెక్క కోతి తల నిమురుతూ కూర్చుంది. ఎవరూ ఏమీ అనలేదు. పాడే అబ్బాయిలు చర్చి పక్కనే ఉన్న పిల్‌గ్రిమ్స్ స్కూల్ పిల్లలు. అమ్మాయిల బృందం 1999లో మొదలైంది. వాళ్లు ఎత్తుకున్న స్వరం అంత పొడవు చర్చిలో చివరిదాకా వెళ్లి, గోడలు తడిమి, తీరిగ్గా వెనక్కి వస్తుంది. అది తిరిగొచ్చేదాకా రెండో వాక్యం ఎత్తుకోరు.

ఇక్కడి ఆర్గన్‌కూ మన తెలుగు నేలకూ ఓ సన్నని దారం ఉంది. 1851లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో జరిగిన మహా ప్రదర్శనలో హెన్రీ విల్లిస్ ఓ పెద్ద ఆర్గన్ పెట్టాడు. అప్పట్లో ఇక్కడ సంగీతం చూసుకునే శామ్యూల్ సెబాస్టియన్ వెస్లీ పట్టుబట్టి దాన్ని వించెస్టర్‌కు కొనిపించాడు, 1854లో బిగించారు. ఈ వెస్లీ ఎవరనుకున్నారు? మెథడిస్టు ఉద్యమాన్ని అన్నతో కలిసి నడిపిన చార్లెస్ వెస్లీకి మనవడు. క్రిస్మస్ రోజున ప్రపంచమంతా పాడే ‘హార్క్! ద హెరాల్డ్ ఏంజెల్స్ సింగ్’ ఆ తాతదే. ఆ వెస్లియన్ మిషన్ నుంచే చార్లెస్ వాకర్ పాస్నెట్ మన మెదక్‌కు వచ్చాడు. ఆయన పూనుకుని కట్టించిన చర్చిని ప్రతిష్ఠించింది 1924 డిసెంబర్ 25న. మా ఎదురింటి మెదక్ కుటుంబం వించెస్టర్‌లో ఈ పాటల ప్రార్థనకు వచ్చినప్పుడు తెల్లవారుజామున మెదక్ చర్చి ఆవరణలో నిండిపోయే జనాన్ని తలుచుకుంటారు. అక్కడ జాతర, ఇక్కడ గుసగుస. ఆ ఇంటి పెద్దాయనకు జాతరే నచ్చుతుంది, ఆ మాట దాచుకోరు కూడా.

మెదక్‌లో చూడాల్సినవి రంగుటద్దాల కిటికీలు. ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసిన క్రీస్తు జననం ఎండ పడితే కళ్లముందు కథలా కదులుతుంది. వించెస్టర్‌లోనూ పడమటి గోడ నిండా ఓ పెద్ద కిటికీ ఉంది. దాని ముందు నిలబడి ఎంత తేరిపార చూసినా బొమ్మ దొరకదు. ఓ చోట సగం మొహం, ఓ చోట రెక్క, ఇంకోచోట నీలం ముక్క. 1642 డిసెంబర్‌లో రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం జరుగుతుంటే, పార్లమెంటు సైనికులు ఈ చర్చిలోకి చొరబడ్డారు. పూర్వపు రాజుల ఎముకలున్న పెట్టెలు పగలగొట్టి, ఆ ఎముకలనే విసిరి అద్దాలు పగలగొట్టారని చెబుతారు. ఆ పక్షమే 1647లో పార్లమెంటు చట్టంతో క్రిస్మస్‌ను రద్దు చేసింది. బైబిల్లో లేని పండగ, తాగుడుకూ తిండికీ సాకు అని వాళ్ల ఉద్దేశం. 1660లో రాజు తిరిగొచ్చాడు, పండగా తిరిగొచ్చింది. ఊరివాళ్లు ఏరి దాచుకున్న ముక్కలన్నీ కిటికీలో మళ్లీ అమర్చారు. ఏ ముక్క ఎక్కడిదో తేల్చడం ఎవరి తరం? అందుకని వచ్చినవి వచ్చినట్టు పెట్టేశారు. మధ్యాహ్నం రెండు మూడు మధ్య, ఎండ కాసే అరుదైన రోజున, ఆ ముక్కల రంగులు నేలమీద పడతాయి. డిసెంబర్‌లో అలాంటి రోజు ముందుగా చూసుకుని టికెట్లు బుక్ చేసుకోవడం సాధ్యం కాదు. కిటికీలోంచి ఎండ చూసి అప్పటికప్పుడు రైలెక్కగలిగితేనే.

ఇప్పుడు నేల సంగతి. ఊరు ఇచెన్ నది లోయలో ఉంది. చర్చి తూర్పు భాగం కింద పీట్ మట్టి. మొక్కలు కుళ్లి పేరుకుని ఏర్పడిన, స్పాంజిలా నీళ్లు పట్టే నల్లమట్టి అది. దాని మీద పదమూడో శతాబ్దంలో బీచ్ చెట్ల దుంగలు తెప్పలా పరిచి, పైన రాతి గోడలు లేపారు. శీతాకాలం వానలకు భూగర్భ జలం పైకొచ్చి చర్చి కింది నేలమాళిగ నిండుతుంది. ఇది ప్రమాదం కాదు, ఏటా జరిగే తంతు. క్రిస్మస్ కార్డుల మీద ఇంగ్లండ్‌లో మంచు కురుస్తుంది గానీ, మా హాంప్‌షైర్‌లో డిసెంబర్ అంటే వాన. ఒకప్పుడు ఈ చర్చిలోనే సమాధి మందిరం ఉన్న స్విథన్ అనే పాత బిషప్‌కూ వానకూ సంబంధం కలిపి ఓ నమ్మకం కూడా ఉంది: జూలై 15న, ఆయన పండగనాడు, వాన పడితే నలభై రోజులు వదలదట.

నేలమాళిగలోకి నాలుగు మెట్లు దిగితే ఓ చిన్న అరుగు. నీళ్లున్న కాలంలో అక్కడి నుంచే చూడాలి. ఎదురుగా పొట్టి స్తంభాలు, వాటి మధ్య నిండు మనిషి ఎత్తున సీసపు విగ్రహం, మోకాళ్ల దాకా నీళ్లలో. ఆంటొనీ గోర్మ్‌లీ 1986లో తన శరీరం నుంచే అచ్చు తీసి చేసిన ‘సౌండ్ 2’. రెండు చేతులూ దోసిలి పట్టి, ఆ దోసిట్లోకి తల వంచి చూస్తూ ఉంటాడు. నీళ్లు తేటగా, కదలకుండా ఉంటాయి కాబట్టి కింద ఇంకో మనిషి తలకిందులుగా కనిపిస్తాడు.

మా మామయ్యగారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన విగ్రహాన్ని చూడలేదు, నీళ్లనే చూశారు. “ఊటే కదమ్మా. మోటార్లు పెట్టి తోడెయ్యకపోయారా ఇన్నాళ్లూ?”

“తోడితే గోడలు కూలతాయన్నారట మామయ్యగారూ.”

ఆయన కాసేపు ఆలోచించి తల ఊపారు. “అవును. నీళ్లతో పాటు కింది ఇసుకా మట్టీ లాక్కొస్తుంది. కృష్ణా కాలవ లాకుల దగ్గర ఎన్నిసార్లు చూశాం!”

సరిగ్గా అదే చిక్కు 1905 ప్రాంతంలో ఇక్కడి ఇంజనీరు ఫ్రాన్సిస్ ఫాక్స్‌కు వచ్చింది. తూర్పు గోడలు ఒరిగిపోతున్నాయి, పగుళ్లలోంచి రాళ్లు రాలుతున్నాయి. పునాదులు తవ్వి బలం చేద్దామంటే గొయ్యి తవ్విన ప్రతిచోటా నీళ్లు. తోడితే నేల జారుతుంది. ఆఖరికి ఆయన ఓ గజ ఈతగాణ్ణి పిలిపించాడు. సముద్రం అడుగున పనిచేయడంలో చెయ్యి తిరిగిన విలియం వాకర్. 1906 నుంచి 1911 దాకా ఆ మనిషి రోజుకు ఆరు గంటలు చర్చి గోడల కింద నీళ్లలో పనిచేశాడు.

చూడగలిగే పని కాదది. పీట్ కలిసిన నీళ్లు కషాయంలా నల్లగా ఉండేవి, దీపం పెట్టినా వెలుగు పారదు. అంతా చేతి తడుముడు మీదే. గోడ కింద ఆరు మీటర్ల దాకా లోతున్న గోతుల్లోకి దిగి, మిగిలిన పీట్‌ను గట్టి గులకరాతి పొర తగిలేదాకా తీసేయాలి. ఆ పొర మీద కాంక్రీటు బస్తాలు పేర్చి, కోసి, అడుగు నుంచి ఊట రాకుండా మూసేయాలి. అప్పుడు గాని ఆ గోతిలో నీళ్లు తోడటం క్షేమం కాదు. తోడాక తాపీ పనివాళ్లు దిగి ఇటుకలతో, కాంక్రీటు దిమ్మెలతో గోడను కింది నుంచి పట్టుకునేవాళ్లు. తర్వాత పక్క గొయ్యి. అలా మొత్తం 25,800 బస్తాల కాంక్రీటు, 1,14,900 దిమ్మెలు, 9 లక్షల ఇటుకలు పట్టాయి. దాదాపు తొంభై కిలోల డైవింగ్ దుస్తులు విప్పడం తొడగడం పెద్ద పని కాబట్టి మధ్యాహ్నం భోజనానికి పైకొస్తే శిరస్త్రాణం ఒక్కటి తీసేసి, తిని, పైపు కాల్చుకుని మళ్లీ దిగేవాడట. వారాంతంలో లండన్ పక్కనున్న క్రోయ్‌డన్‌లో ఇంటికి సైకిల్ తొక్కుకుంటూ వెళ్లేవాడని కూడా చెబుతారు. వారమంతా అంత పని చేసినవాడికి అది విశ్రాంతేమో.

1912 జూలై 15న, సెయింట్ స్విథన్ పండగ రోజునే, జార్జి రాజు సమక్షంలో కృతజ్ఞతా ప్రార్థన జరిగింది. 1918లో ప్రపంచాన్ని ఊడ్చిన ఇన్‌ఫ్లూయెంజా వాకర్‌నూ తీసుకుపోయింది. చర్చి తూర్పు చివర ఆయనకు ఓ చిన్న విగ్రహం ఉంది, డైవింగ్ దుస్తుల్లో, శిరస్త్రాణం చేత్తో పట్టుకుని. దీని వెనకా ఓ తమాషా ఉంది. మొదట పెట్టిన విగ్రహానికి పొరపాటున ఇంజనీరు ఫాక్స్ మొహం వచ్చింది. ఫొటోలో ఎవరు ఎవరో శిల్పికి తేడా తెలియలేదు. ఆ తప్పు దిద్ది వాకర్ మొహంతో కొత్త విగ్రహం పెట్టేసరికి 2001 వచ్చింది. ఇది విని మా మామయ్యగారు, “పని చేసినవాడొకడు, బోర్డు మీద పేరు ఇంకొకడిది. అన్ని డిపార్టుమెంట్లలోనూ ఇంతేనమ్మా” అన్నారు. ఆయన సర్వీసులో ఏదో పాత లెక్క గుర్తొచ్చినట్టుంది.

ఉత్తరపు నడవలో, నేలమీద నల్లరాతి పలక కింద జేన్ ఆస్టెన్ ఉంది. 1817 జూలైలో పోయింది, 41 ఏళ్లకు. ఆ రాతి మీద ఆమె మంచితనం గురించి, భక్తి గురించి రాశారు గానీ నవలలు రాసిందన్న ముక్క లేదు. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడి చర్చి ఉద్యోగి ఒకరు, ఇంతమంది వచ్చి ఈవిడ సమాధి ఎక్కడని అడుగుతున్నారు, ఈవిడలో ప్రత్యేకత ఏమిటని ఓ సందర్శకుణ్ణే అడిగాడట. 1872లో గోడకు ఇత్తడి రేకు బిగించి ఆ లోటు తీర్చారు. ఇప్పుడైతే పది పౌండ్ల నోటు మీద ఆమె బొమ్మ ఉంది, ఆ నోటులోని పారదర్శక కిటికీలో బంగారు రేకుతో ఈ చర్చి బొమ్మ. మార్కెట్‌లో రెండు మిన్స్ పైలు కొనడానికి ఆ నోటు తీసిన ప్రతిసారీ పిల్లలకు చూపిస్తాను. వాళ్ల చూపు పైల మీదే ఉంటుంది.

ఆస్టెన్ విషయంలో బేసింగ్‌స్టోక్‌వాళ్లం కొంచెం గట్టిగానే మాట్లాడతాం. ఆమె పుట్టింది మా పక్కనున్న స్టీవెంటన్‌లో, 1775 డిసెంబర్ 16న. నాట్యాలాడటానికి వచ్చింది మా ఊరి సభలకు. పాతికేళ్లు ఇక్కడి బురదలోనే నడిచింది. వించెస్టర్‌కు వెళ్లింది ఆఖరి రెండు నెలలే, అదీ వైద్యం కోసం. ఆడపడుచు మాది, కీర్తి వాళ్లది. ఆమె కన్నుమూసిన ఇల్లు చర్చి వెనక కాలేజ్ స్ట్రీట్‌లో ఇప్పటికీ ఉంది. ఆడవాళ్లు అంత్యక్రియలకు వెళ్లని రోజులు. అక్క కసాండ్రా ఆ ఇంటి కిటికీలోంచి శవపేటిక వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది.

ఆ వీధి నుంచి దక్షిణంగా నడిస్తే మార్కెట్ జనం ఒక్కరూ కనిపించరు. నది ఒడ్డున పచ్చికబయళ్లు. 1819 శరత్కాలంలో కీట్స్ రోజూ నడిచి ‘టు ఆటమ్’ రాసుకున్న దారి. డిసెంబర్‌లో బూట్లు పాడవుతాయి, పాత జత వేసుకోండి. ఓ మైలు నడిస్తే సెయింట్ క్రాస్ సత్రం. 1130ల్లో బిషప్ హెన్రీ ఆఫ్ బ్లోయిస్ స్థాపించాడు. నలుపు, ముదురెరుపు అంగీలు తొడుక్కున్న వృద్ధులు ఇప్పటికీ అక్కడ నివసిస్తారు. గుమ్మం దగ్గర ఉండే మనిషిని ‘దారినపోయేవాళ్ల దానం’ అని అడిగితే చిన్న రొట్టె ముక్క, చిన్న గిన్నెలో బీరు ఇస్తారు. అడగాలి, అడగనిదే ఇవ్వరు. ధనికా పేదా తేడా లేదు. రొట్టె తీసుకున్న మామయ్యగారు బీరు గిన్నె చూసి, “సత్రంలో మందా!” అని నావైపు చూశారు. గిన్నె వెనక్కి ఇవ్వడం మర్యాద కాదని మా ఆయన ఆ బరువు మోశారు.

ఇక అసలు పండగ రోజులు. 24 సాయంత్రం నుంచే రైళ్లు పలచబడతాయి. 25న ఇంగ్లండ్‌లో రైళ్లే ఉండవు. దగ్గరగా ఉన్నా కారు లేనివాళ్లకు ఆ రోజు వించెస్టర్ విశాఖపట్నమంత దూరం. 24 రాత్రి నడిజాము ప్రార్థనకు వెళ్లాలనుకునేవాళ్లు మా కాలనీలో ముందే కార్లు సర్దుకుంటారు. ఎవరి దగ్గర సీటుంది, ఎవరు చిన్న పిల్లల్ని వదిలి వస్తారు, ఎవరు తిరుగు ప్రయాణంలో నిద్రపోకుండా డ్రైవర్‌తో మాట్లాడతారు అన్నీ వాట్సాప్‌లో తేలిపోతాయి. హిందువులం, క్రైస్తవులం కలిసే వెళతాం. పగలు పార్కింగ్ కోసం పావుగంట తిరిగే ఊళ్లో ఆ రాత్రి జాగాలకు కొదవ ఉండదు. కొట్లు లేచిపోయిన పచ్చిక మీద చెక్క పలకల గుర్తులు, బురద. లోపల మాత్రం చివరి వరసదాకా మనుషులే. చలికి అందరూ కోట్లలోనే కూర్చుంటారు. ఆ పొడవు హాలును వెచ్చబెట్టడం ఎవరివల్లా కాదు.

25 దాటాక పాడే పిల్లలకు సెలవులు. వాళ్ల గొంతు వినాలంటే పండక్కి ముందే వెళ్లాలి, ఇది గుర్తుంచుకోవాల్సిన ముక్క. కానీ చెట్టూ, పశువుల పాక బొమ్మలూ కొత్త సంవత్సరం దాటేదాకా ఉంటాయి. అప్పుడు వాటి ముందు వరస ఉండదు. నేలమాళిగలో నీళ్లు చాలా ఏళ్లు క్రిస్మస్ కంటే జనవరిలోనే ఎక్కువ. పన్నెండో శతాబ్దపు వించెస్టర్ బైబిల్‌ను కూడా అప్పుడే తీరిగ్గా చూడొచ్చు. దూడతోలు పుటల మీద అఫ్ఘానిస్తాన్ నుంచి వచ్చిన రాయి నూరి అద్దిన నీలం. కొన్ని పెద్దక్షరాల్లో బంగారం అంటించి రంగులు వేయకుండా వదిలేశారు. చిత్రకారుడు ఎందుకు ఆగిపోయాడో తెలియదు గానీ, గీసిన గీత చెదరకుండా ఉంది. జనం లేని రోజున గాజు పెట్టె మీద నుదురు ఆనించి ఆ గీతను ఎంతసేపైనా చూడనిస్తారు.

రైల్వేవాళ్లు కూడా పట్టాల మరమ్మతులకు క్రిస్మస్ తర్వాతి ఈ వారాన్నే ఎంచుకుంటారు. అలాంటి రోజున రైలు బదులు బస్సు ఎక్కిస్తే ఇరవై నిమిషాల దారి ఊళ్లన్నీ తిరిగి గంట దాటుతుంది. ముందురోజు రాత్రి వేళలు చూసుకుని బయల్దేరడం మేలు. మా అత్తయ్యగారు వేళలు చూడరు, పులిహోర డబ్బా సర్దుతారు. కిందటిసారి బస్సు ఏదో పల్లెటూరి ఇరుకు రోడ్డులో ట్రాక్టర్ వెనక ఇరుక్కున్నప్పుడు ఆ డబ్బా తెరిచారు, పక్క సీట్లోని ఇంగ్లీషు దొరసాని ముక్కు ఎగబీల్చి, కాస్త సిగ్గుపడుతూనే చెయ్యి చాపింది.